కల్పితలోకపు కర్త - టోల్కీను

కథ ముగిసిన తోడనే పాఠకుడు పుస్తకమును మూసి తన పనిలో పడుట సామాన్యము. కొన్ని కథల విషయమున మాత్రము పుస్తకమును మూసిన తరువాతనే సందేహములు మొదలగును. ఆ కథలోని దేవత లెవరు? వారికి పైన మరియొక దైవము కలడా? రాక్షసులకు ఆత్మ యుండునా? మంత్రగానికి ఆ శక్తి ఎచటినుండి వచ్చినది? చచ్చి మరల వచ్చినవాడు మునుపటి వాడేనా? నైమిశారణ్యమున శౌనకాది మునులు సూతుని చుట్టును గూర్చుండి ఒక కథ ముగియకుండగనే మరియొక ప్రశ్న వేసినట్లు, ఇరువదవ శతాబ్దమున దేశదేశముల పాఠకులు ఒక ఆంగ్ల రచయితను ఇట్టి ప్రశ్నలతో చుట్టుముట్టిరి. ఆయన జే. ఆర్. ఆర్. టోల్కీను. కట్టుకథను గూర్చిన ప్రశ్నలే కదా యని ఆయన వానిని త్రోసివేయలేదు. తన వార్ధక్యములో చాలకాలము వానికి సమాధానము వెదకుటలోనే గడపెను. కొన్నింటికి సమాధానము దొరకలేదు. ఆ దొరకకపోవుటయే ఆయన జీవితములో మిక్కిలి గమనింపదగిన భాగము.

జాన్ రోనాల్డ్ రూయెల్ టోల్కీను 1892 జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్ పట్టణమున జన్మించెను. తండ్రి ఆర్థరు అచట నొక బ్యాంకునకు మేనేజరు. అచటి ఎండలు బిడ్డకు సరిపడకపోవుటచే తల్లి మేబెల్ 1895లో ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు వచ్చెను. వెనుక రావలసిన తండ్రి రాలేదు. 1896 ఫిబ్రవరిలో జ్వరపీడితుడై అచటనే కన్నుమూసెను. నాటికి టోల్కీనునకు నాలుగేండ్లు.

తల్లి బర్మింగ్‌హామ్ నగరమునకు చేరువనున్న సేర్‌హోల్ అను పల్లెలో చిన్న యిల్లు అద్దెకు దీసికొని, పిల్లలకు తానే చదువు చెప్పెను. లాటిను భాషలోని మొదటి పాఠములును, చెట్టుచేమల పేర్లును టోల్కీను ఆమెవద్దనే నేర్చెను. ఏటియొడ్డున పిండిమర, పచ్చని పొలములు, తొందర యెరుగని పల్లెజనము: తరువాతి కాలమున ఆయన కల్పించిన హాబిట్ల సీమకు ఈ పల్లెయే మూలము. 1900లో ఆమె రోమన్ క్యాథలిక్ మతమును స్వీకరించెను. బంధువులు ఆగ్రహించి సాయము మానివేసిరి. పేదరికముతో పోరాడి, మధుమేహవ్యాధిచే 1904 నవంబరులో ఆమె మరణించెను. ఆ వ్యాధిని అదుపులో నుంచు ఇన్సులిను 1921 వరకు కనుగొనబడలేదు. పండ్రెండేండ్ల బాలుడు అనాథ యయ్యెను. తన విశ్వాసము కొరకే తల్లి ప్రాణముల నర్పించినదని ఆయన జీవితాంతము తలచెను. ఆమె తనకిచ్చిన మతమును కడవరకు విడువలేదు. ఈ సంగతిని మరచినచో ఆయన కథలలోని దేవతలును, ఆత్మలును మనకు బోధపడరు.

తల్లి యేర్పాటు ప్రకారము ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గాన్ అను మతాచార్యుడు పిల్లలకు సంరక్షకు డయ్యెను. బర్మింగ్‌హామ్‌లోని కింగ్ ఎడ్వర్డ్ పాఠశాలలో టోల్కీను గ్రీకు, లాటిను భాషలతోపాటు ప్రాచీనాంగ్లమును, గోథిక్ భాషను గూడ అభ్యసించెను. ఇతర బాలురు తపాలాబిళ్లలు కూర్చుకొనునట్లు ఈయన శబ్దములు కూర్చుకొనెడివాడు. అంతటితో తృప్తిపడక తానే క్రొత్త భాషలను కల్పింపసాగెను. ఫిన్నిష్ భాష నాదమునుండి ఒకటియు, వేల్స్ దేశపు భాష నాదమునుండి మరియొకటియు ఆయన చేతిలో రూపు దాల్చినవి. భాష పుట్టిన పిదప దానిని మాటాడు జాతి కావలసివచ్చెను. జాతి పుట్టిన పిదప దానికి చరిత్రయు, దేవతలును కావలసివచ్చిరి. సాధారణ రచయితలు కథ వ్రాసి పాత్రలకు పేర్లు వెదకుదురు. టోల్కీను పేర్లనుండి కథలోనికి నడచెను.

పదునారవ యేట ఆయన ఈడిత్ బ్రాట్ అను కన్యను ప్రేమించెను. చదువు చెడునని తలచి సంరక్షకుడు, ఇరువదియొకటవ యేడు నిండువరకు ఆమెతో ఉత్తరప్రత్యుత్తరములు కూడదని శాసించెను. టోల్కీను ఆ యాజ్ఞను పాలించి, గడువు తీరిన 1913 జనవరి 3వ తేదీనాడే ఆమెకు ఉత్తరము వ్రాసెను. 1915లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆంగ్లభాషలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడై, 1916 మార్చి 22వ తేదీన ఆమెను వివాహమాడెను. పెండ్లియైన మూడు మాసములలోపలనే సైన్యముతో ఫ్రాన్సునకు పోవలసివచ్చెను.

పాఠశాలలో టోల్కీనునకు ముగ్గురు ప్రాణమిత్రు లుండిరి. నలువురును గలిసి కావ్యకళలలో ఏదో గొప్పపని చేయవలెనని కలలు కనిరి. సోమ్ యుద్ధము మొదలైన 1916 జూలై 1వ తేదీననే వారిలో రాబ్ గిల్సన్ మరణించెను. ఆ డిసెంబరులో జెఫ్రీ స్మిత్ గాయములచే మరణించెను. తమలో బ్రతికియున్నవాడు తామందరు చెప్పదలచిన దానిని చెప్పవలెనని స్మిత్ మరణమునకు ముందు టోల్కీనునకు వ్రాసియుండెను. కందకపు జ్వరము తగిలి ఇంగ్లండునకు తిరిగివచ్చిన టోల్కీను, ఆస్పత్రులలో కోలుకొనుచు, తన కల్పితలోకమునకు సంబంధించిన మొదటి గాథలను వ్రాయ మొదలిడెను. 1917లో యార్క్‌షైరులోని ఒక వనమున తెల్లని పూవుల నడుమ భార్య తన యెదుట నృత్యము చేయగా, ఆ దృశ్యమునుండి లూథియెన్ కథ పుట్టెను. మరణము లేని జాతికి చెందిన ఆ కన్య, మర్త్యుడైన బెరెన్‌ను వరించి అతని కొరకు మరణమును స్వీకరించును.

ఈ గాథలకు ఆదియందు ఒక సృష్టికథ కలదు. ఇలూవతార్ అను పరమదైవ మొక్కడు. ఆయన సంకల్పమునుండి పుట్టిన ఐనూర్ అను దివ్యాత్మలు ఆయన సన్నిధిని సంగీతము పాడుదురు. ఆ సంగీతమే ప్రపంచమునకు నమూనా. వారిలో మిక్కిలి శక్తిమంతుడైన మెల్కోర్ తన సొంత రాగమును అందులో చొప్పించి అపశ్రుతి కలిగించును. తరువాత కొందరు దివ్యాత్మలు ప్రపంచములోనికి దిగివచ్చి దాని పాలకు లగుదురు. మన దిక్పాలకులవలె వారికి వేరువేరు అధికారములు: గాలికి మాన్వే, నీటికి ఉల్మో, వృక్షములకు యవన్నా, శిల్పలోహములకు ఆవులే. ఉత్తరదేశముల పురాణములలోని దేవగణపు వైభవమంతయు ఇందున్నను, వారెవరును సృష్టికర్తలు కారు. ప్రాణమిచ్చు అధికారము పరమదైవమున కొక్కనికే యుండును. ఆవులే ఉత్సాహము పట్టలేక మరుగుజ్జుజాతిని తానే మలచినప్పుడు, అవి అతడు తలచినప్పుడు మాత్రమే కదలు బొమ్మలయ్యెను. తప్పు తెలిసికొని అతడు సుత్తె నెత్తగా, మరుగుజ్జులు భయపడి వెనుకకు తగ్గిరి. అనగా పరమదైవము కరుణించి అప్పటికే వారికి ప్రాణమిచ్చియుండెను. టోల్కీను తన లోకమునకు తానే విధించుకొన్న ఈ నియమము తరువాత ఆయననే చిక్కులలో పెట్టినది.

యుద్ధానంతరమున ఆయన కొంతకాలము ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువు కార్యాలయమున పనిచేసి, 1920లో లీడ్స్ విశ్వవిద్యాలయమునకును, 1925లో ప్రాచీనాంగ్ల భాషాచార్యుడుగా ఆక్స్‌ఫర్డునకును వచ్చెను. 1936లో బేవుల్ఫ్ అను ప్రాచీనకావ్యమును గూర్చి ఆయన చేసిన ప్రసంగము ప్రసిద్ధమైనది. అందలి భూతములను, మహాసర్పమును పండితులు పిల్లలకథల సామగ్రిగా భావించి, చరిత్రాంశముల కొరకే ఆ కావ్యమును తవ్వుచుండిరి. ఆ భూతములే కావ్యమునకు ప్రాణమనియు, మానవుడు తప్పక ఓడవలసిన పోరాటమును చూపుటకు వానికంటె తగిన వస్తువు లేదనియు టోల్కీను వాదించెను. 1939లో కిన్నరకథలను గూర్చి చేసిన ప్రసంగములో, మానవుడు ఈశ్వరసృష్టిని అనుసరించి ఉపసృష్టి చేయువాడని సిద్ధాంతీకరించెను. ఉపసృష్టికర్తకు స్వేచ్ఛ గలదు. అయినను లోకమును కట్టినవాడు దాని నియమములను తానే పాటింపవలెను.

పరీక్షపత్రములు దిద్దుచు ఒకనాడు ఒక విద్యార్థి ఖాళీగా వదలిన పుటపై, నేలలోని ఒక కన్నములో నివసించు హాబిట్ అను జీవిని గూర్చి ఆయన ఒక వాక్యము వ్రాసెను. అదియే పెరిగి 1937లో 'హాబిట్' గ్రంథమైనది. ప్రకాశకుడు స్టాన్లీ అన్విన్ వ్రాతప్రతిని పదేండ్ల తన కుమారునకిచ్చి ఒక షిల్లింగు రుసుముపై అభిప్రాయము వ్రాయించి, బాలుడు మెచ్చిన పిదపనే అచ్చువేసెను. దానికి ఉత్తరకథ యడుగగా టోల్కీను పండ్రెండేండ్లు శ్రమించి వ్రాసినది 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. 1954, 1955 సంవత్సరములలో అది మూడు సంపుటములుగా వెలువడెను. వేయి పౌన్లు నష్టము రావచ్చునని ప్రకాశకులు సిద్ధపడియే అచ్చువేసిరి. లోకము దానిని అక్కున జేర్చుకొనెను.

అటుపిమ్మట ఉత్తరములు రాసాగెను. కథలోని సౌరాన్ అను దుష్టుడు తన శక్తిలో అధికభాగమును ఒక ఉంగరములో పోసియుంచును. దానిని నాశనము చేయుట హాబిట్ అగు ఫ్రోడోకు అప్పగింపబడును. ఈ ఉంగరము అణుబాంబునకు సంకేతమని కొందరు నిర్ణయించిరి. గ్రంథములో ముఖ్యభాగములు అణుబాంబు పేరు లోకము వినకమునుపే వ్రాయబడినవి. అన్యాపదేశము తన యుద్దేశము కాదని టోల్కీను రెండవ కూర్పు పీఠికలో స్పష్టముచేసెను. అడవిలో నెవరికిని లోబడక, ఉంగరమునకు సైతము వశముకాక యుండు టామ్ బొంబడిల్ సాక్షాత్తు భగవంతుడే యని మరికొందరు ఊహించిరి. టోల్కీను అంగీకరింపలేదు. కల్పితలోకములో గూడ కొన్ని రహస్యములు రహస్యములుగనే యుండవలెనని ఆయన మతము.

ఆక్స్‌ఫర్డులోని క్యాథలిక్ పుస్తకవిక్రయశాల నిర్వాహకు డొకడు 1954లో వేసిన ప్రశ్నలు వీనికంటె సూటియైనవి. ఎల్ఫుజాతివారు మరణించి మరల పుట్టుదురని వ్రాయుట, ఈశ్వరుడు వాడని పద్ధతిని ఆయనకు అంటగట్టుట కాదా యని ఒక ప్రశ్న. దుష్టుడు రాక్షసజాతులను చేసెనని కథలోని వృద్ధవృక్షపాలకుడు పలుకుచున్నాడు, చెడునకు సృష్టిశక్తి యుండునా యని మరియొకటి. టోల్కీను సుదీర్ఘమైన సమాధానము వ్రాయనారంభించెను. ఈశ్వరుడు ఒక జాతికి ఇట్టి విధిని ఏర్పరుపలేడని చెప్పుటకు ఏ శాస్త్రమునకు అధికారము లేదనెను. వృక్షపాలకుడు కథలో నొక పాత్ర మాత్రమే, అతనికి అన్నియు తెలియవనెను. పాత్ర చెప్పిన మాటను కవి సిద్ధాంతముగా గ్రహింపరాదను ఈ సూత్రము, సాహిత్యము చదువు ప్రతి విద్యార్థియు జ్ఞాపకముంచుకొనదగినది. తన రచనకు తానే మితిమీరిన ప్రాముఖ్యము నిచ్చుకొనుచున్నట్లు తోచి, ఆయన ఆ యుత్తరమును పంపకయే నిలిపివేసెను.

ఉత్తరము ఆగినను ప్రశ్న ఆగలేదు. ఓర్కులు అను రాక్షససేన ఎచటినుండి వచ్చినది? మట్టియు వేడియు కలిపి మెల్కోర్ వారిని చేసెనని ఆయన తొలినాళ్లలో వ్రాసెను. ప్రాణమిచ్చువాడు ఒక్కడే యను నియమముతో అది పొసగదు. బంధింపబడిన ఎల్ఫులను హింసించి వికృతులను జేసి వారిని తయారుచేసెనని తరువాత మార్చెను. అట్లైనచో వారికి ఆత్మ యుండవలెను. ఆత్మ యున్నచో ఉద్ధరణకును అవకాశ ముండవలెను. మరి కథానాయకులు వారిని పురుగులవలె నరకుచుండుట యెట్లు న్యాయము? వారు ఆత్మలేని జంతువులనియు, వారి మాటలు చిలుకపలుకుల వంటివనియు ఒకచోట ఆలోచించెను. అదియు నిలువలేదు. ఏలయనగా ఆయనయే కథలో ఇద్దరు ఓర్కులను చాటున మాటాడించెను. వారు తమ యజమానులను నిందించుకొందురు. యుద్ధము ముగిసిన పిదప ఎటైన పోయి తమంతట తాము బ్రతుకవలెనని కోరుకొందురు. తోడివానిని వదలిపోయినవానిని తప్పుపట్టి, తాము అట్లే వదలివచ్చిన వాని మాట తలచుకొని నవ్వుకొందురు. తప్పు ఇది యని యెరిగి తప్పుచేయు జీవిని జంతువనుట ఎట్లు? మనుష్యులనుండి పుట్టిరనియు, నాయకులు మాత్రము శరీరము ధరించిన దుష్టాత్మలనియు మరికొన్ని పుటలలో వ్రాసెను. చిక్కు మాత్రము విడలేదు. కథాసౌలభ్యము కొరకు ఒక జాతిని పూర్తిగా ఉద్ధరణకు దూరము చేయుటకు ఆయన విశ్వాసము అంగీకరింపలేదు.

దుర్మంత్రమును గూర్చియు ఆయన ఇంతే పట్టుదలతో ఆలోచించెను. ప్రకృతిని నిజముగా కదలించు విద్య యొకటి, ఇంద్రియములను భ్రమింపజేయు విద్య యొకటియని విభజించి, రెండింటను స్వతస్సిద్ధమైన పాపము లేదనెను. పాపము ప్రయోజనములో నుండును. ఎల్ఫుల విద్య కళవంటిది, అది సౌందర్యమునకై పుట్టినది. దుష్టుని విద్య యంత్రమువంటిది. ఇతరుల ఇచ్ఛను అణచి తన ఇచ్ఛను నిలుపుటకే అది పుట్టినది. ఉంగరములు ధరించిన తొమ్మండుగురు రాజులకు ఆయుర్దాయము పెరిగెనే కాని జీవము పెరుగలేదు. తుదకు వారు వస్త్రములు ధరించిన శూన్యము లైరి. మరణమును జయింపగోరి ఆత్మను పోగొట్టుకొనుటయే ఆయన దృష్టిలో అభిచారము యొక్క సారము. తల్లిని, తండ్రిని, మిత్రులను చిన్నవయసుననే పోగొట్టుకొన్నవాడు, మరణము మానవునకు పరమదైవ మిచ్చిన కానుకయని తన పురాణములో వ్రాసెను. ఎల్ఫులకు ఆ కానుక లేదు. లోక మున్నంతకాలము వారు లోకమునకు బద్ధులు.

ఆ కానుకను నమ్ముట మానవునకు ఎంత కష్టమో గూడ ఆయన యెరుగును. 1959 ప్రాంతమున ఆయన వ్రాసిన ఒక సంవాదములో ఎల్ఫురాజైన ఫిన్రోదును, ఆంద్రెత్ అను జ్ఞానవృద్ధయగు మానవస్త్రీయు మరణమును గూర్చి తర్కింతురు. ఆమె యౌవనమున ఆ రాజు సోదరుని ప్రేమించి, మరణ మడ్డుగోడ కాగా ఒంటరిగా ముసలిదైనది. కానుక యను మాట ఆమె గాయమునకు మందు కాలేదు. ఇద్దరిలో ఎవరు గెలిచిరో గ్రంథకర్త చెప్పలేదు.

ఫ్రోడో తుదిక్షణమున ఉంగరమును పారవేయలేకపోయెను గదా, అట్టి ద్రోహిని సన్మానించుట యేమి యని ఒక పాఠకుడు కోపముతో వ్రాసెను. శక్తికి మించిన భారముక్రింద విరిగినవాడు దోషి కాడని టోల్కీను తలంపు. పూర్వము ఫ్రోడో గొల్లమ్ అను నీచునిపై చూపిన జాలియే, ఆ గొల్లమ్ మూలమున ఉంగరము నాశనమగుటకు కారణమైనది. ఫ్రోడో యింటికి మరలెను గాని, గాయము మానలేదు. సోమ్ కందకములనుండి మరలివచ్చినవానికి ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు.

1959లో ఆయన ఉద్యోగమునుండి విరమించెను. 1965లో అమెరికాలో అనుమతి లేని చౌక ప్రతి యొకటి వెలువడి వివాదము రేగగా, గ్రంథము విద్యార్థిలోకమున మరింత ప్రాకెను. వేళగాని వేళ టెలిఫోను మ్రోగుచుండుటయు, తలుపు తట్టువారు పెరుగుటయు భరింపలేక 1968లో ఆ వృద్ధదంపతులు బోర్న్‌మత్ ప్రాంతమునకు నివాసము మార్చిరి. 1971 నవంబరులో ఈడిత్ మరణించెను. టోల్కీను ఆక్స్‌ఫర్డునకు తిరిగివచ్చి, 1973 సెప్టెంబరు 2వ తేదీన తన 81వ యేట, చూడబోయిన బోర్న్‌మత్‌లోనే మరణించెను. ఆక్స్‌ఫర్డులోని వోల్వర్‌కోట్ శ్మశానవాటికలో ఇద్దరి సమాధి యొక్కటే. ఆమె పేరు క్రింద లూథియెన్ అనియు, ఆయన పేరు క్రింద బెరెన్ అనియు చెక్కబడియున్నది.

జీవితమంతయు వ్రాసిన మూలపురాణము 'సిల్మరిలియన్' అసంపూర్ణముగనే మిగిలెను. కుమారుడు క్రిస్టఫర్ వ్రాతప్రతులను పరిష్కరించి 1977లో దానిని ప్రకటించెను. ఓర్కులు వికృతులైన ఎల్ఫులను మాట అందులో చేరినది. అది పండితుల నమ్మిక యని మాత్రమే అచట కలదు. 1983 మొదలు 1996 వరకు వెలువడిన పండ్రెండు సంపుటములలో క్రిస్టఫర్ తక్కిన పాఠములలో పెక్కింటిని, కొట్టివేతలతోను దిద్దుబాట్లతోను సహా, లోకమున కందించెను. అందు పదవ సంపుటము చదివినవారికి, డెబ్బదియేండ్లకు చేరువైన ఒక ఆచార్యుడు తాను కల్పించిన రాక్షసునకు సైతము అన్యాయము జరుగరాదని తిరిగి తిరిగి కలము పట్టిన తీరు కన్పట్టును. నేటికిని పాఠకులు ఆ కాగితములను ముందిడుకొని ఆత్మలను గూర్చియు, దేవతలను గూర్చియు వాదించుకొనుచునే యున్నారు. ఆ వాదము నారంభించినవాడు తీర్పు చెప్పక, తన సందేహములను గూడ వారికే విడిచి వెళ్లెను.